ఈరమ్మ దిబ్బ మీద రేగుపొద

ఎర్రదిన్నె బయలులో గడ్డికి ఏనాడూ కొదవ లేదు. నీడకే కొదవ. కొండ దిగువ నుంచి వాగు గట్టు దాకా ఎటు చూసినా మోకాలెత్తు గడ్డి, అక్కడక్కడా ఎదుగూ బొదుగూ లేని తుమ్మ మొక్కలు. పొద అని చెప్పుకోదగ్గది మొత్తం బయలుకు ఒక్కటే. ఒక పాత చెదపుట్ట మీద చండ్రచెట్టు, దాని మొదలు చుట్టూ ఒత్తుగా అల్లుకున్న రేగుకంప. ఆ కంప కింద బొరియలో ఓబులప్ప అనే నక్క కాపురం ఉండేవాడు.

"ఈ చెట్టు మా తాత పెట్టింది. మా వంశం చేసుకున్న పుణ్యాన ఇంత పెరిగింది" అని ఓబులప్ప వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. నిజమని ఎవరూ అనలేదు, కాదని కూడా అనలేదు. మిట్టమధ్యాహ్నం ఆ నీడ అందరికీ కావాలి మరి.

ఆ పొదకు కేక వేస్తే వినపడేంత దూరంలో, గడ్డి నడుమ చిన్న గుంతలో ఈరమ్మ అనే కుందేలు ఉండేది. కుందేళ్లు బొరియలు తవ్వవు. గుంతలోనే పడక, గుంతలోనే పురుడు. ఈరమ్మ రెండుసార్లు పిల్లల్ని కన్నది. మొదటి కాన్పు పిల్లల్ని డేగ తన్నుకుపోయింది. రెండో కాన్పు పిల్లల్ని ఎవరు తిన్నారో ఎవరూ చూడలేదు. ఆ పొద్దు ఓబులప్ప మాత్రం కడుపు బరువుగా ఉందని సాయంత్రం దాకా బొరియ దాటి రాలేదు.

ఈరమ్మ ఏడ్చేరకం కాదు. రెండురోజులు మేత మానేసింది, మూడోరోజు లేచి ఓబులప్ప దగ్గరికి నడిచింది. పగలు, నలుగురూ నీడన కూర్చుని ఉండగా చూసుకుని మరీ వెళ్లింది.

"ఓబులన్నా, ఒక మాట. ఆ వెనక మూల కంపలో నాకు జానెడు చోటియ్యి. పిల్లల్ని కని, వాళ్లకు పరుగు వచ్చిందాకానే ఉంటా."

ఓబులప్ప తోక నున్నగా నాక్కుంటూ అన్నాడు, "నా ఇంట్లో నీ పురుడా? రేపు ఉడుము వచ్చి తనకూ చోటియ్యమంటుంది. ఎల్లుండి కముజుపిట్ట. నేనెక్కడ పండుకోవాల?"

"అయితే నేనేం చేసేది?"

"నువ్వూ ఒక పొద పెంచుకోమ్మే. మా తాత పెంచలేదా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నవ్వకుండా కూర్చున్నది ఒక్క మద్దమ్మే. మద్దమ్మ మనుబోతు, నీలగాయి అంటారే అది, గుర్రమంత మనిషి, మంద మొత్తానికి పెద్దదిక్కు. ఆమె తన పదకొండు మందితో రోజూ మధ్యాహ్నం అక్కడికి వచ్చేది. పొదకు పడమటి పక్కన ఒకే చోట వరసగా నిలబడి పెంటికలు వేసి, ఆ తర్వాత నీడన పడుకునేది. మనుబోతులకు అది పెద్దల నాటి నుంచి వస్తున్న పద్ధతి. ఎంత మేర తిరిగినా దొడ్డికి మాత్రం ఒక్క చోటికే రావాలి. ఆ పడమటి పక్కన పెంటికలు ఏళ్ల తరబడి పేరుకుని, ఎండి, మళ్లీ మట్టిలో కలిసి, ఓ దిబ్బలాగా తయారైంది. రేగుకంప కూడా ఆ పక్కకే ఎక్కువగా విస్తరించింది. దీనికీ దానికీ ఏమన్నా సంబంధం ఉందేమోనని ఓబులప్ప ఒక్కనాడూ ఆలోచించలేదు.

ఆ వేసవి చివర్లో ఓబులప్ప కొడుక్కి సంబంధం కుదిరింది. వాగు అవతలి నక్కలు, బాగా బతికినవాళ్లు. పిల్ల తరఫువాళ్లు ఇల్లు చూడటానికి వస్తున్నారని కబురు వచ్చింది. ఓబులప్ప తన వాకిలిని కొత్త కళ్లతో ఒకసారి చూసుకున్నాడు. చూడగానే ముక్కు మూసుకున్నాడు.

మధ్యాహ్నం మద్దమ్మ మంద రాగానే ఎదురెళ్లాడు.

"మద్దక్కా, ఏమనుకోవద్దు. రేపు వియ్యంకులు వస్తున్నారు. గడప ముందర పెంటదిబ్బ ఉంటే నా మర్యాద ఏం కాను? ఇకమీదట మీవాళ్లు ఇక్కడ దొడ్డికి కూర్చోకూడదు."

"మేం నిలబడే వేస్తాం" అంది మద్దమ్మ.

"ఎట్లా వేసినా సరే. ఇక్కడ వద్దు."

మద్దమ్మ తొందరపడే మనిషి కాదు. నోట్లో గడ్డి నమలడం పూర్తిచేసి అప్పుడు మాట్లాడింది. "మాకు ఒక చోటంటూ ఉండాల ఓబులూ. ఇష్టమొచ్చిన చోటల్లా వేసే రకం కాదు మేము. ఇక్కడ వద్దంటే ఎక్కడో నువ్వే చూపించు. చూపించినాక మళ్లీ మార్చమంటే మార్చం."

ఓబులప్ప నాలుగు దిక్కులూ చూశాడు. దూరంగా గడ్డిలో రెండు చెవులు కనబడ్డాయి. మొహం విప్పారింది.

"అదిగో, ఈరమ్మ గుంత దగ్గర. పాపం, పొద పొద అని అడిగింది. చోటు ఇయ్యలేకపోయినా, పెంటన్నా ఇద్దాం."

మళ్లీ అందరూ నవ్వారు. ఈరమ్మ దగ్గరికి వచ్చి వినేసరికి విషయం తెలిసింది. ఆమెకు కోపం రాలేదా అంటే వచ్చింది. పిల్లలు పోయిన గుంత దగ్గర పెంట వేయిస్తానంటే ఏ తల్లికైనా వస్తుంది. కానీ ఓబులప్ప మొహంకేసి చూస్తుంటే చూపు దాటి వెనక రేగుకంప మీదికి పోయింది. పడమటి వైపు ఎంత చిక్కగా ఉందో, తూర్పు వైపు ఎంత పలచగా ఉందో ఆమె కళ్లు మొదటిసారి గమనించాయి.

ముందరి కాళ్లు రెండూ జోడించింది. "చల్లగా ఉండు అన్నా. ఇచ్చిన మాట తప్పొద్దు."

"నాలాగా పెంట ఇచ్చి దండం పెట్టించుకున్నవాడు ఇంతవరకు లేడే" అని ఓబులప్ప తన గొప్పకు తానే మురిసిపోయాడు.

మరునాడు మద్దమ్మ మంద ఈరమ్మ గుంత పక్కన వరసగా నిలబడింది.

"కష్టంగా ఉందా తల్లీ?" అంది మద్దమ్మ.

"లేదు పెద్దమ్మా. రోజూ రండి. కడుపునిండా మేసి రండి."

మద్దమ్మ జీవితంలో తన పెంటికలకు ఎవరూ స్వాగతం చెప్పగా ఎరగదు. ఆ రోజు నుంచి ఆమెకు ఈరమ్మ అంటే ఒక అభిమానం.

ఆ సాయంత్రం పొద్దు కుంకుతుండగా ముళ్లపంది పుల్లన్న అటుగా వచ్చాడు. దుంపల కోసం రోజూ నేల తవ్వే మనిషి కాబట్టి ఎర్రదిన్నెలో ఏ గజం కింద ఏముందో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పెంటికల కుప్ప చూసి ఆగాడు. ఈరమ్మ తన ఆలోచన చెప్పింది.

"తప్పేం లేదు" అన్నాడు పుల్లన్న. "ఇక్కడంతా గరపనేల. వాన పడితే ఉన్న కాస్త సారం వాగులోకి పోతుంది. మిగిలిన దాంతో గడ్డి బతుకుతుంది, అది పైపైన తిని సరిపెట్టుకునే రకం. చెట్టుకు అది చాలదు."

"తుమ్మ మొక్కలు ఉన్నాయి కదా?"

"వాటి వేళ్లకు బుడిపెలు ఉంటాయి, సగం తిండి అవే వండుకుంటాయి. అయినా చూడు, నా ముల్లంత ఎత్తు దాటలేదు. ఓబులప్ప చెట్టు పుట్ట మీద ఉంది. చెదలు లోపలి మట్టిని పైకి మోసుకొచ్చి పెట్టాయి, మద్దమ్మ వాళ్లు పైనుంచి పెట్టారు. వాళ్ల తాత పెట్టిందేమీ లేదు."

"మరి నా దిబ్బ మీద?"

"ముందు వాన పడనీ. తొందరపడకు."

మృగశిర కార్తెలో వాన పడింది. పదిరోజుల్లో దిబ్బ పచ్చబడింది. ఈరమ్మ గుండె కూడా. ఇరవై రోజులకు చూస్తే అంతా గడ్డే. మామూలు గడ్డి కాదు, మిగతా బయలు కంటే రెండింతలు ఎత్తు, చెవులు నిక్కబొడిచినా అవతల ఏముందో కనబడనంత దట్టం. అందులో ఒకటి రెండు తుమ్మ మొలకలు తల ఎత్తి, వెలుతురు చాలక పాలిపోయి, పడిపోయాయి.

ఓబులప్ప చూడటానికి వచ్చాడు. "పొద బ్రహ్మాండంగా ఉందమ్మే. నీడ ఎక్కడ? నా మీసాల మీద కూడా పడలేదే."

ఈరమ్మ పుల్లన్నను పిలిపించింది.

"అన్నం వడ్డిస్తే ముందు వరసలో ఎవరు కూర్చుంటారు?" అన్నాడు పుల్లన్న. "చేరువలో ఉన్నవాళ్లు. గడ్డి వేళ్లు పైనే ఉన్నాయి, అదే ముందు తినేసింది. సారం ఉన్న నేలలో చెట్టుకు మొదటి పగవాడు గడ్డే. గడ్డిని అణచకపోతే నువ్వు ఎంత పెంట పెట్టినా గడ్డికే."

ఈరమ్మ మద్దమ్మ దగ్గరికి వెళ్లింది. "పెద్దమ్మా, మందను తోలి ఆ గడ్డి ఒకసారి మేపవా?"

మద్దమ్మ మొహం అదోలా పెట్టింది. "ఎంతమాట తల్లీ. దొడ్డికి పోయే చోట మేము మేయం. అది కూడా పద్ధతే."

మరి మిగిలింది ఈరమ్మే. ఆమె తన చెల్లెళ్లను, చెల్లెళ్ల కూతుళ్లను పిలుచుకొచ్చింది. ఆ వానాకాలమంతా ఏడు కుందేళ్లు దిబ్బ చుట్టూ కూర్చుని తిన్నాయి. తెల్లవారుజామున తిన్నాయి, మబ్బు పట్టిన పగళ్లు తిన్నాయి. గడ్డి వెంట్రుకంత లేస్తే చాలు, కొరికేశాయి.

"పని అంటే ఇట్లా ఉండాల పెద్దమ్మా" అంది చెల్లెలి కూతురు ఒకతె, నోరు నిండా గడ్డితో.

చలికాలం వచ్చేసరికి దిబ్బ నున్నగా తేలింది. నల్లటి మట్టి, పొట్టి గడ్డి. కాని మొలక లేదు. విత్తనం ఏదీ? రేగుకాయలు మొత్తం బయలులో ఓబులప్ప పొదకే కాస్తాయి. వాటిని అతను ఎవరినీ ముట్టుకోనివ్వడు, ఒక్కడే కూర్చుని తింటాడు. ఒకవేళ తెచ్చి పాతినా రేగుగింజ రాయిలాంటిది, ఏళ్లు గడిచినా పగలదు. దాని గుట్టు కూడా పుల్లన్నకే తెలుసు.

"ఒకరి కడుపులోంచి వస్తేనే అది మెత్తబడేది" అన్నాడు. "ఎవరి కడుపు అంటావా, అది నీకు నచ్చదు."

ఈరమ్మ రెండురోజులు ఆలోచించింది. బయలులో ఎక్కడ గట్టు రాయి కనబడినా దానిమీద ఓబులప్ప పెంట ఉంటుంది. నక్కలకు అది అలవాటు కాదు, అధికారం. కాస్త ఎత్తుగా ఏది కనిపించినా ఎక్కి తమ గుర్తు పెట్టాలి. ఇది నాది అని చెప్పుకోవడానికి వాళ్లకు వేరే రాత లేదు. ఈరమ్మ ఆ రాళ్ల దగ్గరికి వెళ్లి చూసింది. ప్రతి కుప్పలోనూ రేగుగింజలే.

"పుల్లన్నా, నీ దగ్గర కొరకడానికి తెచ్చుకున్న ఎముకలు ఉంటాయి కదా. బాగా పెద్దది, తెల్లగా కనబడేది ఒకటి ఇస్తావా?"

పుల్లన్న తన బొరియ ముందర నుంచి ఎద్దు తొడ ఎముక ఒకటి దొర్లించుకొచ్చాడు. పళ్లు అరగదీసుకోవడానికి రెండేళ్లుగా దాచుకున్నది. "ఇది కూడా నేలలో కరిగితే మొక్కకు మంచిదే. వేళ్లకు బలం" అన్నాడు, ఇచ్చేటప్పుడు కాస్త బాధగానే చూస్తూ. దిబ్బ నడుమ దాన్ని నిలువుగా పాతారు.

మరునాడు ఈరమ్మ పొద నీడకు వెళ్లి నలుగురిలో చెప్పింది. "నా దిబ్బకు గుర్తు నాటుకున్నా. ఇక అది నాది. దానిమీద ఎవరూ తమ గుర్తు పెట్టకూడదు. ముఖ్యంగా ఓబులన్నకు చెప్తున్నా."

ఓబులప్ప చెవులు వెనక్కి వెళ్లాయి. "నాకే చెప్తున్నావా?"

"నువ్వు పెద్దమనిషివి, నీకు చెప్పకూడదు. అయినా చెప్తున్నా."

ఆ సాయంత్రమే ఓబులప్ప వచ్చి ఎముక పక్కనే పని కానిచ్చి పోయాడు. పొద్దున ఈరమ్మ నెత్తి కొట్టుకుంటూ వెళ్లింది. "అన్యాయం సామీ. నిన్న ఎముకకు తూర్పున చేసినావు. పడమటి పక్కనన్నా నాకు వదిలిపెట్టు."

ఆ రోజు పడమట చేశాడు.

"ఉత్తరం మాత్రం ముట్టుకోవద్దు. నీకు దండం పెడతా."

రేగుకాయల కాలం ముగిసేదాకా రోజూ ఇదే తంతు. ఒకరోజు ఓబులప్పకు జలుబు చేసి రాలేదు. ఈరమ్మ కంగారుపడి, "ఏమన్నా, నా దిబ్బ మీద హక్కు వదులుకున్నావా?" అని పరామర్శకు వెళ్లింది. దగ్గుతూ లేచి వచ్చాడు.

గడ్డిలో చాటున నిలబడి ఈ వ్యవహారం చూసిన పుల్లన్న నవ్వి నవ్వి ముళ్లు గలగలలాడించాడు.

రెండో వానకు దిబ్బ మీద రేగు మొలకలు గుత్తులు గుత్తులుగా లేచాయి. ఏడు కుందేళ్లు మళ్లీ గడ్డి పనికి కూర్చున్నాయి. ఆకుల జోలికి ఎవరూ పోకుండా ఈరమ్మ కాపలా. మద్దమ్మ వాళ్లు వేసేది వేస్తూనే ఉన్నారు. ఆమె మంద ఇప్పుడు పదహారుకు పెరిగింది. మెత్తబడిన ఆ మట్టిలోకి చెదలు తమంతట తామే వచ్చి కింద మట్టిని పైకి మోయడం మొదలుపెట్టాయి. పుల్లన్న దుంపల కోసం అటూ ఇటూ తవ్విన గుంటల్లో వాననీళ్లు నిలిచాయి. మూడో వానకు ఆ మొలకలు కంప అయ్యాయి. కంప పొద అయింది. కొమ్మకొమ్మకూ జంటగా ముళ్లు, ఒకటి నిటారుగా, ఒకటి వెనక్కి వంగి.

ఈలోపు ఓబులప్ప పొద పడమటి వైపు కూడా పలచబడింది. పడిపోలేదు, చండ్రచెట్టు అంత సులభంగా పడదు. కానీ కొత్త చిగురు తగ్గింది, కాయ తగ్గింది, కంప సందుల్లోంచి ఆకాశం కనబడుతోంది. వియ్యంకులు వచ్చిపోయి రెండేళ్లు దాటినా పెళ్లి మాట ఎత్తలేదు. వాకిలి శుభ్రంగానే ఉందని మాత్రం అన్నారట.

నాలుగో చలికాలం మొదట్లో, పొద నడుమ నల్లటి మెత్తటి మట్టిలో ఈరమ్మ మూడు పిల్లల్ని కన్నది. పైన డేగ చుట్టూ తిరిగి తిరిగి, కిందికి దిగే సందు లేక వెళ్లిపోయింది. అది వెళ్లిపోవడం ఈరమ్మ కంపలోంచి చూసింది.

మరునాటి పొద్దున్నే ఓబులప్ప వచ్చాడు. ఒక్కడే రాలేదు. వియ్యంకుణ్ణి, అతని ఇద్దరు తమ్ముళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. దారిలో ఉడుమునూ, కముజుపిట్టలనూ సాక్ష్యానికి పిలుచుకొచ్చాడు. మద్దమ్మ మంద ముందే అక్కడ ఉంది.

"అందరూ వినండి" అన్నాడు ఓబులప్ప. "ఈ పొద నాది. ఆ ఎముక చుట్టూ నాలుగు దిక్కులా నా గుర్తు పడింది. ఈరమ్మే సాక్ష్యం, రోజూ వచ్చి ఏడ్చేది. ఇప్పుడు నా పొద నేను స్వాధీనం చేసుకుంటున్నా. లోపల ఉన్నది కూడా నాదే." ఆ చివరి మాట అన్నప్పుడు మూతి నాక్కున్నాడు.

అందరూ కుందేలు వైపు చూశారు. లోపల మూడు ప్రాణాలున్నాయని అందరికీ తెలుసు. ఈరమ్మ పొద అంచుకు వచ్చి కాళ్లు జోడించింది.

"నిజమే. ఇందులో ప్రతి కొమ్మా ఓబులన్న పెట్టిందే. మద్దమ్మ పెద్దమ్మ నేల ఇచ్చింది, పుల్లన్న ఎముక ఇచ్చాడు, మేం గడ్డి తిన్నాం. కానీ విత్తనం మాత్రం ఒక్కటి కూడా మిగతావాళ్లది కాదు. మూడు నెలలపాటు, జలుబు చేసినా మానకుండా వచ్చి పెట్టాడు. తాతలు చెట్లు పెట్టారని విన్నాం, ఈ అన్న పెట్టడం నేను కళ్లారా చూశా."

వియ్యంకుడికి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక మొహం పక్కకు తిప్పుకున్నాడు. అతని తమ్ముళ్లు అంత మర్యాదస్థులు కారు, పడిపడి నవ్వారు.

"నీది నువ్వు తీసుకో అన్నా. లోపలికి రా" అంది ఈరమ్మ, తను వచ్చిన చిన్న సందు చూపించి తప్పుకుంటూ.

నలుగురిలో అన్న మాట. వెనక్కి తగ్గే వీలు లేదు. ఓబులప్ప తల దూర్చాడు. తల పట్టింది. భుజాలు దూర్చాడు. నిటారు ముళ్లు పొడిచాయి, ఓర్చుకున్నాడు. ఇంకో అడుగు వేశాడు. ఇక చాలని వెనక్కి లాగబోతే వంగిన ముళ్లు వందచోట్ల పట్టుకున్నాయి. ముందుకు పోతే పొడుపు, వెనక్కి పోతే పట్టు. లోపల, పిల్లలకు మూరెడు దూరంలో, పుల్లన్న ముళ్లు విచ్చుకుని నింపాదిగా కూర్చుని ఉన్నాడు.

"రా ఓబులూ. ఇంటివాడివి, మొహమాటపడతావెందుకు?" అన్నాడు.

ఓబులప్ప బయటపడేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ఈడ్చినవాళ్లు అతని కాబోయే వియ్యంకుడి తమ్ముళ్లే. తోక బొచ్చులో సగం రేగుకంపకే మిగిలిపోయింది. కుంటుకుంటూ నడిచాడు. సంబంధం సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

"అన్నా, ఒక్క నిమిషం" అని ఈరమ్మ వెనక నుంచి పిలిచింది. అతను తిరిగి చూశాడు, ఇంకేం అంటుందోనని. ఆమె కింద రాలిన తొలి కాయలు ఓ దోసెడు ముందుకు నెట్టింది.

"ఎగతాళా?"

"ఇందాకటిది ఎగతాళే. ఇది కాదు. నువ్వు తిట్టడానికి ఇచ్చినావు, నా పిల్లలు బతకడానికి పనికొచ్చింది. మద్దమ్మ పెద్దమ్మకూ పుల్లన్నకూ రోజూ చెప్పుకుంటున్నా. నీకు చెప్పకపోతే లెక్క తప్పవుతుంది. ఏటా ఈ కాలంలో రా, కాయలు బయట పెడతా. పొదకు ఇంకా తూర్పు పక్క పెరగాల."

ఓబులప్ప వెనక్కి వచ్చి, తల వంచి కాయలు తిన్నాడు. తిన్నాక అలవాటు చొప్పున చుట్టూ చూశాడు. దిబ్బకు తూర్పున పుల్లన్న కొత్తగా నాటిన ఎముక ఒకటి తెల్లగా మెరుస్తోంది.

మద్దమ్మ గడ్డి నమలడం ఆపి, తన మందకేసి చూసి, "పదండి, వేళయింది" అంది. పదహారుమందీ వెళ్లి వరసగా నిలబడ్డారు. పొద లోపల మూడు జతల చిన్న చెవులు మొదటిసారి పైకి లేచాయి.

ఇచ్చినవాడు ఏ బుద్ధితో ఇచ్చాడని నేల అడగదు. అందుకున్నవాళ్లు దండం పెట్టి అందుకుంటే చాలు, అదే నీడై పెరుగుతుంది.